పది నిమిషాల్లో వస్తానంది: మేవిస్ గలాంట్ తొలి రోజులు

(టొరంటోలో నెలకోసారి కలుసుకునే తెలుగు కథాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం. తడబాట్లు తప్ప మరేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. బయట ఇంత మంచు పడుతున్నా ఇంతమంది వచ్చారు, సంతోషం. ముందు వరసలో ఇంకా కుర్చీలున్నాయండీ, గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి.

పోయిన నెల మనం ఆలిస్ మన్రో గురించి మాట్లాడుకున్నాం. అయిపోయాక కోటు వేసుకుంటుంటే ఒకాయన నన్నాపి, "కెనడా కథ అంటే మన్రో ఒక్కావిడేనా మాస్టారూ, ఇంకెవరూ లేరా?" అని అడిగారు. ఉన్నారండీ. ఆయన ఈ రోజు వచ్చారో లేదో గానీ, ఆ ప్రశ్నకి జవాబే ఈ ప్రసంగం. ఆవిడ పేరు మేవిస్ గలాంట్. ఈ పేరు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... మూడు. ఫరవాలేదు, సిగ్గుపడక్కర్లేదు. ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్లని అడిగినా చాలా ఏళ్లపాటు ఇన్ని చేతులే లేచేవి.

మనమంతా ఎక్కడెక్కడి నుంచో కెనడా వచ్చాం. వీసాల కోసం తిరిగాం, పాయింట్లు లెక్కపెట్టుకున్నాం. ఆవిడ ఇక్కడే పుట్టింది. పుట్టి, 28 ఏళ్ల వయసులో మంచి ఉద్యోగం మానేసి ఇక్కణ్ణుంచి వెళ్లిపోయింది. 1950 సంగతి. పారిస్ వెళ్లింది, అక్కడే ఉండిపోయింది, 2014 ఫిబ్రవరిలో అక్కడే చనిపోయింది. అప్పటికి 91 ఏళ్లు. కెనడా పౌరసత్వం మాత్రం చివరిదాకా వదులుకోలేదు. రాసిందంతా ఇంగ్లీషులోనే. ఒక్క న్యూయార్కర్ అనే అమెరికా పత్రికలోనే వందకి పైగా కథలు వేశారు ఆవిడవి. వంద! మనలో ఒక కథ పత్రికలో పడితే ఆ సంచిక బీరువాలో దాచుకునేవాళ్లం ఉన్నాం. నేనూ దాచుకున్నాను లెండి.

ఆవిడ జీవితమంతా చెప్పాలని నాకు లేదు. మొదటి పుస్తకం 1956లో వచ్చింది. అక్కడిదాకానే చెప్తాను. ఎందుకంటే ఆ తొలి రోజుల గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. అమ్మాయి ఉద్యోగం వదిలేసింది, యూరప్ వెళ్లింది, ఆకలితో అలమటించింది, గొప్ప రచయిత్రి అయింది. బాగుంది కదూ వినడానికి? సినిమా తియ్యొచ్చు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ నాకు ఈ కథ మీద అనుమానం. ఆ అనుమానం ఏమిటో చివర్లో చెప్తాను. మర్చిపోతే గుర్తుచెయ్యండి.

1922 ఆగస్టు 11న మాంట్రియల్‌లో పుట్టింది. ఒక్కతే సంతానం. అప్పటి పేరు మేవిస్ యంగ్. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు, మతం ప్రొటెస్టెంట్. నాలుగేళ్ల వయసులో వాళ్లమ్మ ఆ పిల్లని ఒక ఫ్రెంచి కాన్వెంటుకి తీసుకెళ్లింది. క్యాథలిక్ సిస్టర్లు నడిపే బోర్డింగు స్కూలు. కుర్చీలో కూర్చోబెట్టి, "ఇక్కడే కూర్చో, పది నిమిషాల్లో వచ్చేస్తాను" అంది. వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అది వాళ్లూ వీళ్లూ కల్పించి చెప్పింది కాదు. ఆవిడే పెద్దయ్యాక చెప్పుకున్న సంగతి. నాలుగేళ్ల పిల్లకి పది నిమిషాలంటే ఎంతో తెలుసా? తెలీదు. అందుకే ఇంకా అవలేదేమో అనుకుంటూ కూర్చుంటుంది. మీరు గలాంట్ కథ ఏది తీసుకున్నా చూడండి, అందులో ఎవరో ఒకరు దేనికోసమో ఎదురుచూస్తూ కూర్చుని ఉంటారు. హోటల్ గదిలోనో, పరాయి ఇంట్లోనో, రైల్వే స్టేషన్లోనో. ఆ కుర్చీ ఆవిడ కథల్లోంచి ఎప్పటికీ లేచిపోలేదని నాకనిపిస్తుంది.

ఇక్కడ మాంట్రియల్ గురించి ఒక్క మాట. మనం ఇక్కడ పిల్లలకి ఫ్రెంచి ఇమ్మర్షన్లో, అంటే పాఠాలు ఫ్రెంచిలో చెప్పే తరగతుల్లో, సీటు రావాలని ఎంత తాపత్రయపడతామో మీకు తెలుసు. ఆ రోజుల్లో మాంట్రియల్లో ఫ్రెంచివాళ్ల బడి వేరు, చర్చి వేరు, పేట వేరు. ఇంగ్లీషువాళ్లవి వేరు. ఒకే ఊళ్లో రెండు ఊళ్లన్నమాట. అలాంటిచోట ఇంగ్లీషు ప్రొటెస్టెంట్ల పిల్లని తీసుకెళ్లి ఫ్రెంచి క్యాథలిక్ కాన్వెంటులో వెయ్యడమంటే మామూలు విషయం కాదు. ఆ పిల్ల అక్కడా పరాయిదే, ఇంటికొస్తే ఇంట్లోనూ కొంచెం పరాయిదే. రెండు భాషలు మాత్రం పట్టుబడ్డాయి. ఒకే విషయాన్ని రెండు రకాల మనుషులు రెండు రకాలుగా ఎలా చెప్పుకుంటారో చిన్నప్పుడే చెవిన పడింది.

తర్వాత స్కూళ్లు మారింది. ఎన్ని స్కూళ్లనుకుంటున్నారు? పదిహేడు. లెక్క సరిగ్గానే విన్నారు, పదిహేడు. కొన్ని కెనడాలో, కొన్ని అమెరికాలో.

తండ్రి బొమ్మలు వేసేవాడు. కూతురికి పదేళ్లప్పుడు కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. ఆ సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నాన్న ఇంగ్లండు వెళ్లాడన్నారు. వచ్చి తీసుకెళ్తాడని కొన్నేళ్లు ఎదురుచూసింది. తల్లి త్వరలోనే ఇంకో పెళ్లి చేసుకుంది. చూశారా, మళ్లీ ఎదురుచూపే. మొదటిసారి వస్తానన్న మనిషి రాలేదు. రెండోసారి రావడానికి ఆ మనిషే లేడు.

ఈ విషయాన్ని ఆవిడ వెంటనే కథ చెయ్యలేదు, అది గమనించండి. యాభై దాటాక చేసింది. లినెట్ మ్యూర్ అనే అమ్మాయి పాత్రతో వరసగా కొన్ని కథలు రాసింది. ఆ లినెట్ పద్దెనిమిదేళ్లకి న్యూయార్క్ నుంచి మాంట్రియల్ తిరిగొచ్చి, వాళ్ల నాన్న ఎలా పోయాడని ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. చివరికి తనే ఒకటి నిర్ణయించుకుని, ఇక ఇంతే అనుకుంటుంది. పదేళ్లప్పుడు తగిలిన దెబ్బకి కథ రావడానికి నలభై ఏళ్లకి పైగా పట్టింది. మనమేమో నిన్న జరిగినదాన్ని ఇవాళ కథ రాసి రేపు పత్రికకి పంపిస్తాం. సరే, ఎవరి పద్ధతి వాళ్లది, నేను విమర్శించట్లేదు.

లినెట్ లాగే మేవిస్ కూడా పద్దెనిమిదేళ్లకి ఒంటరిగా మాంట్రియల్ తిరిగొచ్చింది. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. జాన్ గలాంట్ అనే సంగీతకారుణ్ణి పెళ్లి చేసుకుంది. కొన్నేళ్లకే విడిపోయారు. ఆ పేరు మిగిలింది. అన్నట్టు, దాన్ని గ్యాలెంట్ అని పలక్కండి, గలాంట్ అనాలి. కొంతకాలం ఒట్టావాలో నేషనల్ ఫిల్మ్ బోర్డు అనే ప్రభుత్వ సినిమా సంస్థలో పనిచేసి, 1944లో మాంట్రియల్ స్టాండర్డ్ అనే వారపత్రికలో విలేఖరిగా చేరింది. అప్పటికి ఆవిడకి 22 ఏళ్లు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఆవిడ గురించి రాసేవాళ్లు పత్రికలో పనిచేసిన ఈ ఆరేళ్లనీ రెండు వాక్యాల్లో తేల్చేసి పారిస్ ఎక్కేస్తారు. నేను ఇండియాలో పాతికేళ్లకి పైగా ఒక దినపత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకది నచ్చదు.

మగవాళ్లు యుద్ధానికి వెళ్లారు, ఆడవాళ్లకి ఉద్యోగాలు దొరికాయి. అదే పనికి జీతం మాత్రం మగవాళ్ల కంటే తక్కువ. ఆవిడ ఏం రాసేది? ఫీచర్లు. కెనడా సైనికుల్ని పెళ్లి చేసుకుని యూరప్ నుంచి వచ్చిన అమ్మాయిల గురించి, శరణార్థుల గురించి. 1946లో ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ మాంట్రియల్ వస్తే ఆయన్ని ఇంటర్వ్యూ చేసింది. అదే ఏడు "కెనడావాళ్లం మనమెందుకింత చప్పగా ఉంటాం?" అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాసింది. నవ్వుతున్నారు! 1946లోనే అడిగేసింది చూడండి ఆ ప్రశ్న. మనం వచ్చాక కొంచెం ఉప్పూకారం పడిందేమో.

అసలు చెప్పాల్సింది 1945లో జరిగింది. యుద్ధం ముగుస్తోంది. నాజీల నిర్బంధ శిబిరాల ఫొటోలు మొదటిసారి పత్రికాఫీసులకి వచ్చాయి. ఆ ఫొటోలు ఇప్పుడు మనకి తెలుసు. అప్పుడు ఎవరికీ తెలీదు, ఎవరూ చూసి ఉండలేదు. వాటిని ఈ అమ్మాయి ముందు పెట్టి, క్యాప్షన్లు రాయమన్నారు, దానితోబాటు 750 మాటల్లో చిన్న వ్యాసం. 22 ఏళ్ల పిల్ల! ఆవిడ ఏమనుకుందో తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఇందులో ఒక్క విశేషణం ఉండకూడదు, భయంకరం, ఘోరం లాంటి మాటే రాకూడదు, ఎందుకంటే ఆ బొమ్మలు చెప్పేది అంతకన్నా గట్టిగా వినిపిస్తోంది, అని. అలాగే రాసింది. చదువూ సంగీతమూ ఉన్న దేశంలో ఇది ఎలా జరిగిందని అడుగుతూ రాసింది.

వేశారా? వెయ్యలేదు. ఆవిడ రాసింది పక్కన పడేసి వేరేవాళ్లు రాసింది వేసుకున్నారు.

నా సొంత విషయం ఒకటి చెప్తాను, కోప్పడకండి, చిన్నదే. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన. అప్పుడు నేను డెస్కులో కొత్తగా చేరాను. ఇక్కడ కృష్ణా జిల్లావాళ్లు ఉన్నారు, మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫొటోలొచ్చాయి. ఒకదాని కింద "హృదయ విదారక దృశ్యం" అని రాశాను. మా సీనియర్ ఒకాయన ఆ కాగితం తీసుకుని, రెండు మాటలు కొట్టేసి, ఊరి పేరు మాత్రం ఉంచి, "ఫొటో ఏడుస్తోంది కదయ్యా, మళ్లీ నువ్వెందుకు ఏడవడం?" అన్నాడు. నాకు అప్పుడు చాలా కోపమొచ్చింది. గలాంట్ చెప్పిన మాట చదివింది అరవై దాటాక. చదివినప్పుడు ఆయనే గుర్తొచ్చాడు. ఆయన గలాంట్‌ని చదివి ఉండడు. ఆవిడకి దివిసీమ ఎక్కడుందో తెలీదు. అయినా ఒకే మాట.

ఈ క్యాప్షన్ల సంగతి నేనెందుకింత సాగదీస్తున్నానంటే, ఆవిడ కథనమంతా ఆ పద్ధతే. పాత్ర ఏడుస్తుంటే రచయిత్రి ఏడవదు. మనిషి ఏం తిన్నాడు, ఏ కోటు వేసుకున్నాడు, అద్దె ఎంత కట్టాడు, ఎదుటివాళ్లతో ఏమన్నాడు, అవి చెప్పి పక్కకి తప్పుకుంటుంది. చాలామంది ఆవిడ కథలు చల్లగా ఉంటాయంటారు. నాకు మొదట్లో అలాగే అనిపించింది. రెండోసారి చదివితే వేడి తెలుస్తుంది.

ఇక కథలు. స్టాండర్డ్‌లో పనిచేస్తూనే కథలు రాసేది. 1944 డిసెంబర్లో ప్రివ్యూ అనే చిన్న పత్రికలో రెండు చిన్న రచనలు అచ్చయ్యాయి. ప్రివ్యూ అంటే మాంట్రియల్ కవులు కొందరు కలిసి సైక్లోస్టైల్ చేసి పంచుకునే పత్రిక. మన దగ్గరా ఉండేవి కదా, చేతికి సిరా అంటుకునేవి. అంతే, అదే ఆరంభం. తర్వాత ఆరేళ్లు రాస్తూనే ఉంది, చాలావరకు బయటికి పంపలేదు. లినెట్ కథలో ఆ అమ్మాయి తన కవితలూ డైరీలూ ఒక పాత పిక్నిక్ బుట్టలో పెట్టుకుని ఊరొస్తుంది. ఆ బుట్ట కల్పన కాదు, మేవిస్ దగ్గరా ఉండేది. రాసినవన్నీ అందులో వేసేది. పత్రికాఫీసులో పగలు వార్తలు, ఇంట్లో రాత్రి బుట్టకి మేత.

మరి ఎన్నాళ్లలా? ఇక్కడే నాకు ఆవిడంటే గౌరవం పెరిగింది. ఆవేశంతో రాజీనామా చెయ్యలేదు. లెక్క వేసుకుంది. ముప్ఫై ఏళ్లు వచ్చేలోపల ఏదో ఒకటి తేలిపోవాలి. రాత మీదే బతకాలి, లేదంటే రాత మానెయ్యాలి. ఉద్యోగం చేస్తూ ఆదివారాలు రాసుకునే రచయిత్రిగా ఉండనంది. ఇక్కడ ఆదివారం రచయితలం చాలామందిమి ఉన్నాం, ఆవిడ మాట మన మీదికి తీసుకోవద్దు. ఇంకో లెక్క: న్యూయార్కర్‌కి వరసగా మూడు కథలు పంపిస్తాను, మూడింట్లో ఒక్కటి తీసుకున్నా చాలు.

మొదటిది తిరిగొచ్చింది. కాకపోతే వట్టి అచ్చు చీటీతో రాలేదు, "మాకు చూపించడానికి ఇంకేమైనా ఉందా?" అని ఉత్తరంతో వచ్చింది. రెండోది తీసుకున్నారు. ఆరువందల డాలర్లు ఇచ్చారు. మూడోది ఆవిడకే నచ్చలేదు, చించేసింది. ఎంత ధీమా చూడండి. 1950 అక్టోబర్లో ఓడెక్కింది.

ఆ తీసుకున్న కథ 1951 సెప్టెంబర్ 1 సంచికలో వచ్చింది. పేరుకి "మాడలిన్ పుట్టినరోజు" అని అర్థం. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో ఒక పల్లెటూరి ఇల్లు. మాడలిన్ అనే అమ్మాయికి ఆ రోజు పదిహేడేళ్లు నిండుతాయి. తల్లిదండ్రులు విడిపోయారు, వేసవి గడపమని పిల్లని తెలిసినవాళ్లింట్లో దింపారు. ఆ ఇంటావిడ పొద్దున్నే నిద్రలేస్తూనే, అయ్యో కేకు చెప్పడం మర్చిపోయానే అనుకుంటుంది. కథ మొదటి వాక్యమే అది. ఆ ఇంట్లోనే జర్మనీ నుంచి వచ్చిన శరణార్థి కుర్రాడు ఇంకొకడు. ఇంటావిడ చెడ్డదేమీ కాదు, ఎంతో మంచిది, అందరూ సంతోషంగా ఉండాలని పాపం ఎంత తాపత్రయపడుతుందో! ఆ మంచితనం ఎవరికీ అక్కరకి రాదు, అదే కథ.

ఎవరు ఎవర్ని ఎక్కడ దింపి వెళ్లారో చూశారా? కుర్చీ. నేనన్న కుర్చీ అదే. కానీ కుర్చీని కుర్చీగా పెట్టలేదు, అమ్మని అమ్మగా పెట్టలేదు. పైగా కథలో సగం ఆ ఇంటావిడ మనసులోంచి నడుస్తుంది. తనని దింపి వెళ్లినవాళ్ల మీద కసి తీర్చుకోవాలనుకునే కొత్త రచయిత ఆ పని చెయ్యడు. ఆరేళ్లు పరాయివాళ్ల ఇళ్లకి వెళ్లి, వాళ్లు చెప్పింది రాసుకుని వచ్చిన విలేఖరి చేస్తుంది.

పారిస్ మీరు ఊహించుకునే పారిస్ కాదు, అంతే చెప్తాను. యుద్ధం అయి అయిదేళ్లు. చలి, బొగ్గు కొరత, చీకటి మెట్లు, కూలిపోయిన దేశాల నుంచి కాగితాలు లేకుండా వచ్చిన మనుషులు. ఆవిడ ఒకచోట ఉండలేదు. ఆస్ట్రియా, ఇటలీ, దక్షిణ ఫ్రాన్సు తిరిగింది. 1952కి స్పెయిన్, మాడ్రిడ్.

ఇప్పుడు మాడ్రిడ్ గురించి. అందరికీ ఇష్టమైన భాగం ఇదే.

న్యూయార్క్‌లో జాక్ షాంబ్రన్ అని ఒక ఏజెంటు ఉండేవాడు. రచయితల తరఫున పత్రికలతో మాట్లాడి, కథలు అమ్మిపెట్టి, కమీషను తీసుకునేవాడు. పేరున్న ఇంగ్లీషు రచయిత సోమర్‌సెట్ మామ్ అంతటివాణ్ణి కూడా మోసం చేసిన ఘనుడు. ఈవిడ కథలు ఆయన చేతిలో పెట్టింది. ఆయనేమో, ఎవరూ తీసుకోవడం లేదండీ అని రాసేవాడు, లేదంటే అసలు జవాబే ఇచ్చేవాడు కాదు. ఈవిడ మాడ్రిడ్‌లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ, ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, రోజూ పోస్టు కోసం చూస్తూ కూర్చుంది. బంగాళాదుంపలూ రొట్టే తిని రోజులు గడిపింది. అప్పటి డైరీలో కొన్ని పేజీలు 2012లో న్యూయార్కర్ అచ్చువేసింది, వెతికి చదవండి. ఆకలి గురించి అందులో గొప్ప మాటలు ఉండవు. ఈ రోజు చేతిలో ఇంత ఉంది, రేపటికి ఇంత చాలదు. అంతా జమాఖర్చు.

ఒకరోజు లైబ్రరీకి వెళ్లింది. న్యూయార్కర్ పాత సంచిక తిరగేస్తోంది. అందులో తన కథ ఉంది.

ఊహించండి. కథ అచ్చయింది. డబ్బు ఇచ్చేశారు. ఆ డబ్బు ఏజెంటు జేబులో ఉంది. ఈవిడేమో అక్కడ పస్తులు! పత్రికవాళ్లు అడిగితే ఆయన ఈవిడ అడ్రసు కూడా సరిగ్గా చెప్పలేదు. ఈవిడ నేరుగా పత్రికకి ఉత్తరం రాస్తే అప్పుడు గుట్టు బయటపడింది. అక్కణ్ణుంచి విలియం మాక్స్‌వెల్ అనే ఎడిటరు ఈవిడ కథలు చూసుకున్నాడు. ఆయనా మంచి కథకుడే. ఇరవై ఏళ్లకి పైగా సాగింది ఆ బంధం. ఒక దొంగ దెబ్బ కొట్టాడు, ఒక మంచి మనిషి దొరికాడు.

ఇక నా అనుమానం. మర్చిపోలేదు లెండి. ఆకలి ఆవిణ్ణి రచయిత్రిని చేసిందంటారు. నేనొప్పుకోను. ఆ ఆకలికి కారణమే, ఆవిడ అప్పటికే రచయిత్రి కావడం. కథలు బాగుండబట్టి అమ్ముడుపోయాయి, అమ్ముడుపోబట్టి దొంగ తిన్నాడు. ఆకలి రచయితల్ని తయారుచేస్తుందనేది కడుపు నిండినవాళ్లు చెప్పుకునే మాట. ఆ రోజుల్లో షాంబ్రన్ డబ్బు సరిగ్గా పంపి ఉంటే ఆవిడ ఇంకో నాలుగు కథలు రాసుకునేదేమో!

ఆవిడ కూడా మాడ్రిడ్ గురించి ఎలా రాసిందో చూడండి. 1960లో వచ్చిన కథ ఒకటుంది, "మనం ఇంచుమించు కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు" అన్నట్టుగా ఉంటుంది దాని పేరు. అందులో ఒక విదేశీ అమ్మాయి మాడ్రిడ్‌లో డబ్బు కోసం ఎదురుచూస్తుంటుంది. ముగ్గురు స్పానిష్ స్నేహితులు. నలుగురూ బీదవాళ్లే, నలుగురూ కలిసే తిరుగుతారు. కానీ ఆ అమ్మాయికి బయటినుంచి డబ్బు వస్తుంది, ఆలస్యంగానైనా. వాళ్లకి ఎక్కణ్ణుంచీ రాదు. డబ్బు వచ్చిన రోజున తనూ వాళ్లూ ఒకటి కాదని తేలిపోతుంది. కథలో ఏజెంటు లేడు, మోసం లేదు, లైబ్రరీ లేదు. సినిమాకి పనికొచ్చేదంతా తీసేసింది. మిగిల్చింది తనకి గొప్ప చేకూర్చని ముక్కొక్కటే.

1956లో మొదటి పుస్తకం వచ్చింది, పన్నెండు కథలు. "ది అదర్ పారిస్", అంటే ఇంకో పారిస్. పుస్తకానికి పేరిచ్చిన కథలో క్యారల్ అని ఒక అమెరికన్ అమ్మాయి, పారిస్‌లో ఉద్యోగం. ఆఫీసులో హోవార్డ్ అనే ఆయన మధ్యాహ్నం భోజనం దగ్గర, ట్యూనా చేప సాలడ్ తింటూ పెళ్లి ప్రస్తావన తెచ్చాడు. ఈ అమ్మాయి సరేనంది. పారిస్ కదా, ప్రేమ తర్వాతైనా పుట్టకపోతుందా అని ఆశ. పుట్టదు. ఆఫీసులోనే ఒడీల్ అని ఫ్రెంచావిడ, ముప్ఫై దాటింది. ఆమె ప్రియుడు ఫీలిక్స్, తనకంటే చిన్నవాడు, కాగితాలు లేని శరణార్థి, ఏం చేసి బతుకుతాడో ఎవరికీ తెలీదు. క్యారల్‌కి ఆ ఇద్దర్నీ చూస్తే చిరాకు. కానీ వాళ్ల మధ్య ఉన్నదే ప్రేమ. ఒక మురికి గదిలో, చలిలో, ఆ సంగతి ఒక్క క్షణం ఆ అమ్మాయికి తెలుస్తుంది. తెలిసీ వద్దనుకుంటుంది. ఎందుకు? ఎందుకంటే కొన్నేళ్లు పోతే ఇదంతా సర్దుకుంటుంది. పారిస్‌లో పెళ్లి కుదిరిన రోజుల గురించి అందరికీ చెప్పుకుంటుంది. ఆ చెప్పేదాంట్లో వివరాలన్నీ సరైనవే ఉంటాయి, మొత్తం మాత్రం నిజం కాదు. ఇంచుమించు ఈ మాటలే కథలో ఉన్నాయి.

ఇప్పుడర్థమైందా, ఆ ఆకలి కథ మీద నాకెందుకు అనుమానమో? అన్నీ సరైన వివరాలే. ఉద్యోగం వదిలింది, నిజం. పస్తులుంది, నిజం. లైబ్రరీలో కథ కనిపించింది, నిజం. మూడూ ఒక తాడుకి గుచ్చి దండ వేస్తే ఆవిడే 1953 నాటి ఆ క్యారల్ కథలో రాసిపెట్టిన అబద్ధం తయారవుతుంది. మా అమ్మాయి నన్నూ ఇలాగే పట్టుకుంటుంది. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం గురించి ఎవరికైనా చెప్తుంటే, "నాన్నా, ఆ రోజు నువ్వు బస్సు కోసం గంట నిలబడలేదు, నేను కార్లో తీసుకొచ్చాను" అంటుంది. నాకు నిలబడ్డట్టే గుర్తు.

కెనడా ఆవిణ్ణి పట్టించుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. రాసేది అమెరికా పత్రికకి, ఉండేది పారిస్‌లో, పుస్తకాలు వేసేది అమెరికావాళ్లు. 1981లో "హోమ్ ట్రూత్స్" అనే పుస్తకానికి కెనడాలో పెద్ద సాహిత్య బహుమతి, గవర్నర్ జనరల్ అవార్డు ఇచ్చారు. అప్పటికి ఆవిడకి 59 ఏళ్లు. లినెట్ కథలు అందులోనే ఉన్నాయి.

చదవాలనుకునేవాళ్లకి: "ది కాస్ట్ ఆఫ్ లివింగ్" అని 2009లో ఆవిడ తొలి కథల సంపుటి ఒకటి వచ్చింది. ముందుమాట మనకి తెలిసిన ఝుంపా లాహిరి రాసింది. మాడలిన్ కథ అందులో ఉంది. పుట్టిన 58 ఏళ్లకి పుస్తకంలోకి ఎక్కింది ఆ కథ! ఒక్క జాగ్రత్త. వరసపెట్టి చదవకండి. ఒకటి చదివి, పుస్తకం మూసి, వేరే ఏదైనా చదువుకుని మళ్లీ రమ్మని ఆవిడే ఒకచోట చెప్పింది. నేను వినకుండా వరసగా నాలుగు చదివి తలనొప్పి తెచ్చుకున్నాను.

ప్రశ్నలుంటే అడగండి.

ఆ... ముందు వరసలో అమ్మగారు అడుగుతున్నారు, వెనకవాళ్లకి వినపడి ఉండదు, నేను మళ్లీ చెప్తాను: "ఆ తల్లిని ఆవిడ క్షమించిందా?" అని. ఆవిడ్ని ఇంటర్వ్యూ చేసినవాళ్లు కూడా ఇలాంటిదే అడుగుతుండేవారమ్మా. ఆవిడ జవాబు ఒకటి బాగా ప్రచారమైంది. పిల్లల్ని కనకుండా ఉండాల్సిన మనిషి మా అమ్మ, అంతే, అందులో ఇంకేమీ లేదు, అని. విశేషణం ఒక్కటి కూడా లేదు చూడండి.

అటు, కిటికీ పక్కన ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి బాబూ.